డెసిబుల్ మీటరు ఎవరి గుమ్మంలో పెడతారు?

మస్జిద్ కమిటీ అధ్యక్షుణ్ణి పోలీస్ స్టేషన్‌కు పిలిపించి, మినార్ మీది మైకుల ధ్వని తగ్గించమనో, బూరలు దించేయమనో చెప్పి పంపడం కొన్నేళ్లుగా దేశంలో చాలా చోట్ల మామూలు సంగతి అయిపోయింది. ఎక్కువ సందర్భాల్లో చేతికి కాగితం ఏదీ రాదు. ఏ నిబంధన కింద అడుగుతున్నారో, ఎంత ధ్వని కొలిచారో, అసలు కొలిచారో లేదో చెప్పరు. మన పెద్దలు కూడా అడగరు. "సరే సార్" అని తిరిగి వస్తారు. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత మస్జిద్ ప్రాంగణంలో రెండు వాదనలు వినిపిస్తాయి. ఇది మన ధర్మంపై దాడి, వెనక్కి తగ్గేది లేదంటారు యువకులు. ఎందుకొచ్చిన గొడవ, దించేద్దామంటారు పెద్దలు. చట్టం ఏమంటున్నదన్న ప్రశ్న ఈ రెండు వాదనల్లోనూ ఉండదు.

ఆ ప్రశ్నను ఈ నెల మేము ఎత్తుకుంటున్నాం. శబ్ద నియంత్రణ నిబంధనలను మనం మన మీదికి వచ్చే లాఠీగా మాత్రమే చూస్తున్నాం. నిజానికి రణగొణ ధ్వనుల వల్ల, దుర్గంధం వల్ల, నిద్రలేమి వల్ల ఎక్కువగా నష్టపోతున్నది కూడా మన బస్తీలే. ఆ నిబంధనలను మనం తెలుసుకుని, ముందుగా మనం పాటించి, ఆ తర్వాత మన హక్కుగా అడిగి సాధించుకోవలసిన సమయం వచ్చింది.

ముందు నిబంధనల సంగతి చూద్దాం. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు జారీ చేసింది. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పగలు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబుళ్లు, రాత్రి 45 దాటకూడదు. వాణిజ్య ప్రాంతాల్లో 65, 55. పారిశ్రామిక వాడల్లో 75, 70. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలాల్లో 50, 40. లౌడ్‌స్పీకర్ వాడాలంటే ఎవరైనా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రాత్రివేళ ఆరుబయట వాడకం నిషిద్ధం. మతపరమైన లేదా సాంస్కృతిక పండుగల కోసం ఏడాదిలో మొత్తం 15 రోజులకు మించకుండా, రాత్రి 10 నుంచి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఈ సడలింపు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2005 అక్టోబరులో చెప్పింది.

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉంది. బహిరంగ స్థలంలో మైకు వాడినప్పుడు ఆ స్థలం సరిహద్దు దగ్గర ధ్వని, ఆ ప్రాంతపు ప్రమాణం కంటే 10 డెసిబుళ్లు మించకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ 75 దాటకూడదు. అంటే నివాస ప్రాంతంలో పట్టపగలు కూడా ప్రహరీ గోడ దగ్గర 65 డెసిబుళ్లే హద్దు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు 60 ఉంటుంది. బూర మైకు ముందు ఒక మీటరు దూరంలో నిలబడితే 100 దాటుతుంది. డెసిబుల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదని కూడా గుర్తుంచుకోవాలి. 10 డెసిబుళ్లు పెరిగితే ధ్వనిశక్తి పది రెట్లయినట్టు. కాబట్టి మీటరు పట్టుకుని నిజాయితీగా కొలిస్తే మస్జిద్ మైకు మాత్రమే కాదు, గుడి మైకు, చర్చి మైకు, రాజకీయ సభ మైకు, పెళ్లి ఊరేగింపు, గణేశ్ మండపం, ఫంక్షన్ హాలు ఇవన్నీ చాలా మటుకు హద్దు దాటినవే అవుతాయి. హైదరాబాద్ ప్రధాన రహదారుల మీద వాహనాల రొదే 65 దాటుతుంది.

ఊరంతా ఉల్లంఘించే నిబంధనను పట్టుకుని ఎవరి తలుపు తట్టాలన్నది అధికారి ఇష్టం అయిపోతుంది. ఆ ఇష్టం వెనుక ఎవరి ఒత్తిడి పనిచేస్తుందో మనకు తెలియనిది కాదు. 2022 ఏప్రిల్‌లో మహారాష్ట్రలో రాజ్ ఠాక్రే మస్జిద్‌ల మైకులు మే 3 లోగా దించాలని గడువు పెట్టారు. దించకపోతే మస్జిద్‌ల ఎదుట హనుమాన్ చాలీసా వినిపిస్తామన్నారు. ఒక మైకుకు జవాబు మరింత పెద్ద మైకు అయినప్పుడు, అక్కడి సమస్య శబ్దం కాదని ఎవరికైనా అర్థమవుతుంది. అదే వేసవిలో ఉత్తరప్రదేశ్‌లో ప్రార్థనా స్థలాల నుంచి వేల సంఖ్యలో లౌడ్‌స్పీకర్లు దించారు. అన్ని మతాలవీ దించామని ప్రభుత్వం చెప్పింది. అయితే ఏ ప్రార్థనా స్థలం దగ్గర ఎంత ధ్వని నమోదైంది, ఎంతకు తగ్గించారు అన్న వివరాలే ప్రజల ముందు ఉండవలసినవి. దించిన బూరల సంఖ్య చెప్పినంత మాత్రాన నిబంధన అమలైనట్టు కాదు.

న్యాయస్థానాల దగ్గర మన పరిస్థితి ఏమిటో కూడా దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ఈ విషయంలో తొలి ముఖ్యమైన సుప్రీంకోర్టు తీర్పు మస్జిద్ మీద రాలేదు. మద్రాసులోని ఒక పెంతెకోస్తు చర్చి మీద, దాని పక్కనున్న కాలనీ సంక్షేమ సంఘం వేసిన కేసులో 2000 ఆగస్టులో వచ్చింది. ఆ ధ్వనిలో వాహనాల రొద వాటా కూడా ఉందని కాలుష్య నియంత్రణ మండలి నివేదిక చెప్పింది. తాము మైనారిటీ మతస్థులం కనుకనే అభ్యంతరం పెడుతున్నారని చర్చి వాదించింది. న్యాయస్థానం ఆ వాదనను అంగీకరించలేదు. ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదనీ, ధ్వనివర్ధకం ఏ మతానికీ విధి కాదనీ తేల్చింది. అంతకు ముందే కలకత్తా హైకోర్టు అజాన్ విషయంలో ఇదే మాట చెప్పి ఉంది. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, గాజీపూర్‌లో అజాన్‌నే నిలిపివేసినప్పుడు అలహాబాద్ హైకోర్టు మనకు ఊరట ఇచ్చింది. అజాన్ ఇస్లాంలో అంతర్భాగమనీ, ముఅజ్జిన్ తన గొంతుతో ఇచ్చే అజాన్‌ను ఎవరూ ఆపలేరనీ చెప్పింది. మైకు మాత్రం ఆ రక్షణలోకి రాదని అదే తీర్పులో ఉంది. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు కూడా అదే దారిలో నడిచింది. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టకుండా పోలీసులు చర్య తీసుకోవాలని కూడా ఆదేశించింది.

కాబట్టి "మైకు మా మతహక్కు" అన్న వాదనతో కోర్టుకు వెళ్లి గెలిచే అవకాశం దాదాపు లేదు. పాతికేళ్ల తీర్పులు అటే ఉన్నాయి. మన నాయకుల్లో కొందరు వేదికల మీద ఈ వాదనే చేస్తూ, చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోతున్నారు. నోటీసు అందుకుని స్టేషన్‌కు తిరగవలసింది మాత్రం ఊళ్లో ఉన్న ముతవల్లీ.

నిలబడే వాదన మరొకటి ఉంది. అది సమానత్వం. 2023 నవంబరులో గుజరాత్ హైకోర్టు ఎదుట మస్జిద్‌ల మైకులను నిషేధించాలంటూ ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి సునీతా అగర్వాల్ నేతృత్వంలోని ధర్మాసనం పిటిషనర్ తరఫు న్యాయవాదిని సూటిగా అడిగింది. పది నిమిషాలు కూడా పట్టని అజాన్ ఏ మేరకు శబ్ద కాలుష్యమవుతుందో శాస్త్రీయంగా చూపించారా? గుళ్లలో తెల్లవారుజామున వాయిద్యాలతో జరిగే హారతి ఎవరికీ వినిపించదా? కొలతలు లేని ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసింది. ఒకే కొలత, అందరి దగ్గరా కొలత, కొలిచిన కాగితం చేతికి. ఈ మూడూ అడిగితే మనకు చట్టం అండగా ఉంటుంది.

నిబంధనల్లో మన కమిటీలకు అక్కరకు వచ్చే అంశాలు మరికొన్ని ఉన్నాయి. ఈ నిబంధనల కింద అధికారి అంటే జిల్లా మేజిస్ట్రేట్, పోలీస్ కమిషనర్, లేదా డీఎస్పీ స్థాయికి తగ్గకుండా నియమితుడైన అధికారి. స్టేషన్‌లోని ఒక కానిస్టేబుల్ వచ్చి నోటిమాటగా చెప్పినది ఆ నిబంధనల కింద ఉత్తర్వు కాదు. ఉత్తర్వు వెలువడితే దానివల్ల బాధపడినవారు దాన్ని మార్చమనో, రద్దు చేయమనో అదే అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడు వారి వాదన వినవలసిందే. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయవలసిందే. ఈ దరఖాస్తు పెట్టిన కమిటీలు ఎన్ని? బహుశా వేళ్ల మీద లెక్కించవచ్చు. జరిమానా విషయం కూడా తెలిసి ఉండాలి. పర్యావరణ చట్టం ఉల్లంఘనకు లోగడ అయిదేళ్ల వరకు జైలు ఉండేది. 2023 నాటి జన విశ్వాస్ చట్టం దాన్ని తీసివేసి, 10 వేల రూపాయల నుంచి 15 లక్షల వరకు జరిమానా పెట్టింది. ఒక చిన్న ఊరి మస్జిద్‌కు 10 వేలు కూడా చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. ఫజ్ర్ వేళ ఏడాది పొడవునా 6 గంటలకు ముందే ప్రవేశిస్తుంది. అంటే నిబంధన ప్రకారం అది రాత్రి. ఆ వేళ మినార్ మీది బూర మైకుకు చట్టంలో చోటు లేదు. అదే గడియలో సుప్రభాతం వినిపించే గుడి మైకుకూ లేదు, వేకువ ప్రార్థన వినిపించే చర్చి మైకుకూ లేదు. తెలుగు పల్లెల్లో ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి తెల్లవారేలోగా మోగుతూనే ఉన్నాయి. ఎవరూ ఫిర్యాదు చేయకపోవడమే అక్కడి చట్టం. ఆ సహనం ఎంతో గొప్పది, ఏ నిబంధన కంటే విలువైనది. అయితే అది ఉన్నంత కాలమే ఉంటుంది. ఒక ఎన్నికల సభ, ఒక వాట్సాప్ సందేశం చాలు, అది చెదిరిపోవడానికి. చెదిరిన రోజున మన దగ్గర అనుమతి పత్రం కూడా లేకపోతే మన వాదన మొదలు కాకముందే ముగుస్తుంది.

అందుకే ఫజ్ర్ అజాన్‌ను గొంతుతో, లేదా లోపలి మైకుతో ఇచ్చే ఏర్పాటు గురించి ప్రతి కమిటీ తనకు తాను ఆలోచించాలని మేము కోరుతున్నాం. పోలీసులు చెబితే చేసేదానికీ, పొరుగువారిని తలచుకుని మనమే చేసేదానికీ చాలా తేడా ఉంది. మదీనాలో మస్జిద్ పక్కనున్న బనూ నజ్జార్ మహిళ ఇంటి పైకెక్కి హజ్రత్ బిలాల్ (రజి) ఫజ్ర్ అజాన్ ఇచ్చేవారు. అది ఊరికి వినిపించింది. లౌడ్‌స్పీకర్ వచ్చిన తొలి దశాబ్దాల్లో ఈ ఉపఖండపు ఉలమాలే దాన్ని నమాజులో వాడవచ్చా లేదా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నిన్న మొన్నటి యంత్రాన్ని ఇవాళ ధర్మంలో భాగమని అనడం ఆ పెద్దల చర్చను మరచిపోవడమే.

అజాన్ కంటే పెద్ద సమస్య అజాన్ కానివి. అజాన్ రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. కొన్ని మస్జిద్‌ల బయటి మైకుల్లో జుమా బయాన్ అరగంట, నాతులు గంట, చందాల ప్రకటన పావుగంట వినిపిస్తాయి. రమజాన్‌లో తెల్లవారుజామున మూడు గంటల నుంచే సహరీ సమయాల ప్రకటన పదే పదే సాగుతుంది. ప్రతి ఇంట్లో రెండు ఫోన్లు, ప్రతి ఫోన్‌లో అలారం ఉన్న కాలంలో అది ఎవరి కోసం? ఆ వీధిలో గుండెజబ్బు మనిషి ఉంటాడు, రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన కార్మికుడు ఉంటాడు, పరీక్షలకు చదివే పిల్ల ఉంటుంది, పాలిచ్చి అప్పుడే బిడ్డను పడుకోబెట్టిన తల్లి ఉంటుంది. వాళ్లలో చాలామంది ముస్లింలే. కమిటీ పెద్దలకు వాళ్లు చెప్పుకోలేరు, చెబితే ఈమాన్ తక్కువంటారని భయం. ఇతికాఫ్‌లో ఉన్న దైవప్రవక్త (సల్లం), ఖుర్ఆన్ పఠనంలోనైనా సరే గొంతు పెంచి ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోవద్దని సహచరులను వారించిన హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. ఖుర్ఆన్ పఠనానికే ఆ మాట వర్తిస్తే చందాల ప్రకటనకు వర్తించదా?

ముస్లిం దేశాలు ఈ విషయాన్ని ఎలా చూస్తున్నాయో కూడా గమనించాలి. 2021 మేలో సౌదీ అరేబియా ఇస్లామీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ బయటి మైకులను అజాన్‌కు, ఇఖామత్‌కు పరిమితం చేసింది. ధ్వనిని యంత్రపు పూర్తి స్థాయిలో మూడోవంతుకు మించనీయవద్దని చెప్పింది. 2022లో ఇండోనేషియా మత వ్యవహారాల మంత్రి ఒక సర్క్యులర్ ద్వారా మస్జిద్ మైకులకు 100 డెసిబుళ్ల పరిమితి పెట్టారు. అక్కడ కూడా నిరసనలు వచ్చాయి. అయినా అక్కడ ఎవరూ దాన్ని ఇస్లాం మీద దాడి అని నిరూపించలేకపోయారు.

మస్జిద్ దాటి బయటికి వస్తే మన పరిస్థితి మరింత సిగ్గుపడేలా ఉంది. పాతబస్తీలో ఫంక్షన్ హాలు పక్కన ఇల్లున్న కుటుంబాన్ని ఎవరినైనా అడగండి. నికాహ్ సాయంత్రం జరుగుతుంది. వలీమా భోజనాలు అర్ధరాత్రి మొదలవుతాయి. బారాత్ వస్తే మర్ఫా మోత, దాని మీద డీజే, దాని మీద టపాసులు, వీధికి అడ్డంగా కార్లు, హారన్లు. 2010 సవరణ తర్వాత నివాస ప్రాంతాల్లో రాత్రివేళ అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టడం కూడా నిబంధనలకు విరుద్ధమేనని చాలామందికి తెలియదు. రాత్రివేళ కట్టడపు యంత్రాలకూ అదే వర్తిస్తుంది. షబే బరాత్ నాడు ఆరాధనలో గడపవలసిన రాత్రిని సైలెన్సర్ పీకేసిన బైకులతో రహదారులపై గడిపే మన పిల్లల గురించి వేరే చెప్పనక్కరలేదు. ఏటా పోలీసులు హెచ్చరిస్తారు, ఏటా తండ్రులు మా వాడు కాదంటారు.

మీలాద్ ఊరేగింపుల్లోకి డీజేలు రావడం ఈ వరుసలో అన్నిటికంటే బాధాకరం. 2024 సెప్టెంబరులో గణేశ్ నిమజ్జనం, మీలాద్ దగ్గర దగ్గరగా వచ్చాయి. మీలాద్ ఊరేగింపును 19వ తేదీకి వాయిదా వేసుకుని మన పెద్దలు చూపిన సంయమనాన్ని ఊరంతా మెచ్చుకుంది. రెండు ఊరేగింపుల్లోనూ శబ్దం గురించి ఫిర్యాదులు వచ్చాయి. అన్ని మతాల ప్రతినిధులతో సమావేశం జరిపిన తర్వాత హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, టపాసులను నిషేధించారు. మేము ఆ ఉత్తర్వును సమర్థిస్తాం. అందులో ఒక మతం పేరు లేదు. అందరినీ కూర్చోబెట్టి మాట్లాడి తెచ్చారు. మస్జిద్ ముందు ఊరేగింపు ఆగి, బాక్సుల ధ్వని పెంచి, రెచ్చగొట్టే పాటలు పెట్టిన ఘటనలతో ఈ నగరం ఎన్నిసార్లు ఊపిరి బిగపట్టిందో తెలిసిన మనకు అందరికంటే ముందుగా ఆ ఉత్తర్వు అవసరం. మన ఊరేగింపులో మనమే దాన్ని తుంగలో తొక్కితే, ఎదుటివారు తొక్కిన రోజున ఏ నోటితో ఫిర్యాదు చేస్తాం?

ఫిర్యాదు చేయడం అన్న మాట వచ్చింది కనుక ఒక పోలిక చెప్పాలి. జూబ్లీహిల్స్‌లో పబ్బుల మోత భరించలేక అక్కడి నివాసులు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 సెప్టెంబరులో న్యాయస్థానం రాత్రి 10 తర్వాత పబ్బుల్లో సంగీతం వినిపించరాదని ఆదేశించింది. తర్వాత అప్పీలులో ఆ ఆదేశం పరిధి తగ్గినా, అక్కడి ఇళ్లకు కొంత నిద్ర దక్కింది. తలాబ్‌కట్టలోనో, కిషన్‌బాగ్‌లోనో ఇళ్ల మధ్య రాత్రి పొద్దుపోయే దాకా నడిచే లేత్ మిషన్, వెల్డింగ్ షాపు, తుక్కు గోదాము మీద ఎవరు కోర్టుకు వెళ్లారు? మన వాడల్లో ఇరుకైన చోట బతుకుతెరువు, నివాసం కలిసిపోయి ఉంటాయి. పొరుగువాడి కడుపు కొట్టలేమన్న మొహమాటం ఉంటుంది. అది మంచిదే. మాట్లాడుకుని, పని గంటలు ఒప్పుకుని, సర్దుకోగలిగితే అంతకంటే కావలసింది లేదు. సర్దుకోలేని చోట, ముఖ్యంగా యజమాని బయటివాడై, డబ్బున్నవాడై ఉన్న చోట, ఓర్చుకోవడం ధర్మం కాదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011 నుంచి దశలవారీగా 7 మహానగరాల్లో 70 శబ్ద పరిశీలన కేంద్రాలు పెట్టింది. హైదరాబాద్‌కు 10 దక్కాయి. అబిడ్స్, పంజగుట్ట, జూబ్లీహిల్స్, తార్నాక వంటి చోట్లతో పాటు జూపార్కులో ఒకటి ఉంది. జూపార్కు నిశ్శబ్ద మండలం. సింహాలకు, జింకలకు ఎంత మోత వినిపిస్తోందో ప్రభుత్వం లెక్క రాస్తోంది. మంచి పనే. ఆ ప్రహరీ బయట బహదూర్‌పురా నుంచి ఫలక్‌నుమా దాకా ఉన్న మనుషుల వీధుల్లో కూడా మీటర్లు పెట్టమని మన కార్పొరేటర్లు, ఎమ్మెల్యేలు గట్టిగా అడగాలి. కొలత లేని చోట ఫిర్యాదుకు బలం ఉండదు.

శబ్దంతో పాటు చుట్టుపక్కల వారికి పీడగా మారే స్థలాల సంగతి కూడా ఇదే చట్టాల కుటుంబానికి చెందింది. పొంగే మురుగు, ఖాళీ ప్లాట్‌లో పోసిన చెత్త, ఇళ్ల మధ్య రసాయనాల వాసన, కూలబోయే గోడ. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్, పాత నేర విచారణ స్మృతిలోని 133వ సెక్షన్ స్థానంలో వచ్చింది. దీని కింద జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా అధికారం ఇచ్చిన కార్యనిర్వాహక మేజిస్ట్రేట్ ఆ పీడను తొలగించమని షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. వకీలు ఖర్చు లేకుండా బస్తీవాసులే దరఖాస్తు ఇవ్వవచ్చు. ఈ సెక్షన్‌కు ప్రాణం పోసింది మధ్యప్రదేశ్‌లోని రత్లాం అనే ఊళ్లో మురుగు కంపు భరించలేని సామాన్యులు. తమ దగ్గర డబ్బు లేదని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్, మన తెలుగువారైన జస్టిస్ చిన్నపరెడ్డి ఉన్న ధర్మాసనం ఆ సాకును తోసిపుచ్చి, కాలువలు కట్టి తీరాలని గడువు పెట్టింది. నిధులు లేవన్న మాట మన మున్సిపాలిటీల నుంచి ఇప్పటికీ వింటున్నాం. ఆ మాటకు నాలుగు దశాబ్దాల క్రితమే జవాబు దొరికిందని మన వార్డుల్లో ఎంతమందికి తెలుసు? బక్రీద్ తర్వాత వ్యర్థాలను కార్పొరేషన్ ఇచ్చే సంచుల్లో కట్టి అప్పగించకుండా వీధి మూల పడేసే మన అలవాటు కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుంది, అదీ మరవొద్దు.

ఒక ముఖ్యమైన ప్రశ్న మిగిలి ఉంది. ఫిర్యాదు చేసేవారి పేరు రహస్యంగా ఉంచాలన్న బొంబాయి హైకోర్టు ఆదేశం మస్జిద్‌ల మీద ఆకాశరామన్న ఫిర్యాదులకు దారి తీయదా అని కొందరు మిత్రులు ఆందోళన చెందుతున్నారు. ఆ ప్రమాదం ఉంది. అయితే అదే రహస్యం కలసివున్న వాడలో డీజే మీద ఫిర్యాదు చేయడానికి జంకే ముస్లిం కుటుంబానికి కూడా రక్షణ. ఊరేగింపు మస్జిద్ ముందు ఆగినప్పుడు పక్కింటివాడు పేరు చెప్పి ఫిర్యాదు చేస్తే రేపు ఏం జరుగుతుందో మనకు తెలుసు. పేరు తెలియని ఫిర్యాదుతో మనకు నష్టం కలగకుండా ఉండాలంటే ఆ ఫిర్యాదుపై కొలత తప్పనిసరి కావాలి. మనం పట్టుబట్టవలసింది ఆ కొలత గురించి.

ఇక చేయవలసిన పని. ప్రతి మస్జిద్ కమిటీ ఈ నెలలోనే లౌడ్‌స్పీకర్ అనుమతి కోసం రాతపూర్వక దరఖాస్తు ఇచ్చి, దాని రసీదు భద్రపరచుకోవాలి. నాలుగు దిక్కులకూ ఉన్న నాలుగు బూరల్లో ఎన్ని నిజంగా అవసరమో మైకుసెట్టు మెకానిక్‌తో కూర్చుని చూసుకోవాలి. ధ్వనిని ఒక హద్దు దగ్గర ఆపే లిమిటర్ పరికరాన్ని ఆంప్లిఫయర్‌కు అమర్చుకోవచ్చు. ఫోన్‌లోని డెసిబుల్ యాప్ కోర్టులో సాక్ష్యం కాకపోయినా, ప్రహరీ దగ్గర ఎంత ఉందో మనకు ఒక అంచనా ఇస్తుంది. బయటి మైకు అజాన్‌కు మాత్రమే, మిగిలినవన్నీ లోపలి మైకులో అని తీర్మానం రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఒకే వీధిలో నాలుగు మస్జిద్‌లు ఉంటే, వాటి కమిటీలు కూర్చుని ఒకే సమయం ఒప్పుకోవడం అంత కష్టమైన పనేం కాదు.

అదే సమయంలో ప్రతి పట్టణంలో ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద పోలీస్ కార్యాలయానికి ఒక దరఖాస్తు ఇవ్వాలి. గత మూడేళ్లలో 2000 నాటి నిబంధనల కింద ఎన్ని నోటీసులు ఇచ్చారు, అవి ప్రార్థనా స్థలాలకా, ఫంక్షన్ హాళ్లకా, రాజకీయ సభలకా, ఊరేగింపులకా. ఒక్కో నోటీసుకు ముందు ఏ పరికరంతో, ఏ తేదీన, ఎంత ధ్వని కొలిచారు. ఎన్ని లౌడ్‌స్పీకర్ అనుమతులు ఇచ్చారు, ఎన్ని తిరస్కరించారు. దరఖాస్తు రుసుము పది రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోతే మొదటి అప్పీలు అదే శాఖలోని పై అధికారికి. వచ్చిన జవాబుల నకళ్లు, పట్టణం పేరు రాసి మా కార్యాలయానికి పంపండి. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా, మనకు అనుకూలమైనవీ కానివీ కలిపి, ఈ పత్రికలో ప్రచురిస్తాం.